రంగు వెలిసిన చీర నేర్పిన పాఠం

ఈ వారం ఏదైనా ఊరగాయ గురించో, వడియాల గురించో రాద్దామనుకున్నాను. కానీ బీరువా సర్దుతుంటే ఒక చీర చేతికి తగిలి, మనసు దాని మీదికి పోయింది. నా పరువు పోయిన సంగతి కనుక ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తే తప్పేముంది, మనలో మనం!

రెండేళ్ళ కిందట మా అమ్మాయి పెళ్ళయింది. పెట్టుబడి చీరలంటే ఎంత పనో మీకు తెలుసు కదా. వియ్యాలవారి వైపు ఆడవాళ్ళు పదకొండు మంది. అందరికీ పట్టు పెట్టే స్తోమత మాకు లేదు. నేను కృష్ణా జిల్లా ఆడపిల్లని కదా, మన బందరు కలంకారీ పెడితే అందంగానూ ఉంటుంది, మన ఊరి పేరూ ఉంటుంది అనిపించింది. విజయవాడలో ఒక షాపుకి వెళ్ళాను. చీర 700 చెప్పాడు. ఒక గంట బేరమాడి 480కి దించాను. "అసలు సిసలు పెడన అద్దకం అమ్మా, కూరగాయల రంగులు" అన్నాడు. పదకొండు చీరలూ సంచిలో వేసుకుని, ఏదో రాజ్యం గెలిచినట్టు ఇంటికొచ్చాను. మా వారితో "చూశారా, రెండువేల నాలుగొందలు మిగిల్చాను" అని గొప్పలు కూడా పోయాను.

శ్రావణ మాసంలో మా వియ్యపురాలు ఆ చీర కట్టుకుని వాళ్ళ బంధువులింట్లో వ్రతానికి వెళ్ళారట. ఉక్కపోత, చెమట. ఇంకేముంది, ఎరుపంతా తెల్ల జాకెట్టుకి ఎక్కింది. ఆవిడ కూర్చున్న సోఫా గలీబుకి కూడా అంటుకుందట. వదినగారు దొడ్డ మనిషి, నాతో ఒక్క మాట అనలేదు. మా అమ్మాయే ఫోన్‌లో గొంతు తగ్గించి చెప్పింది. "అమ్మా, ఇంకెప్పుడూ వాళ్ళకి చీరలు పెట్టకు" అంది. ఆ మాటకి రెండు రోజులు అన్నం సయించలేదు నాకు.

కోపంతో షాపుకి వెళ్ళి నిలదీశాను. అతను నవ్వి, "మీరు అడిగిన ధరకి అసలుది ఎక్కడొస్తుందమ్మా?" అన్నాడు. అబద్ధం చెప్పి అమ్మింది అతనే అయినా, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. అసలుదంటే ఏమిటో, దానికి ఎంత పని పడుతుందో నాకు తెలిస్తే కదా! బందరుకి ఇరవై మైళ్ళలోపు పుట్టి పెరిగాను. చిన్నప్పుడు పెడనలో మా పిన్ని ఇంటికి వెళ్తే కాలవ గట్టు మీద బారులు బారులుగా గుడ్డలు ఆరేసి ఉండేవి. వాటి మధ్య దాగుడుమూతలు ఆడి తిట్లు కూడా తిన్నాం. అవి అక్కడికి ఎలా వచ్చాయని ఒక్కనాడూ అడగలేదు.

అందుకని కిందటి సంక్రాంతి తర్వాత గుడివాడ మీదుగా బందరు వెళ్ళే రైలెక్కి పెడనలో దిగాను. పిన్నిని వెంటబెట్టుకుని ఒక అద్దకం పనివారింటికి వెళ్ళాను. పొద్దున్న తొమ్మిదింటికి వెళ్ళినదాన్ని, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బయటికొచ్చాను. అక్కడ చూసిందీ, అడిగి తెలుసుకున్నదీ మీకు చెప్తాను.

పెన్నా, అచ్చా?

మన ఆంధ్రదేశంలో కలంకారీ రెండు రకాలు. శ్రీకాళహస్తిలో వెదురు పుల్లకి గుడ్డో ఊలో చుట్టి, దాన్నే కలంగా చేసి చేత్తో గీస్తారు. రామాయణం, భారతం కథలన్నీ అందులో బొమ్మలుగా వస్తాయి. బందరు, పెడనల్లో చెక్క అచ్చులతో అద్దుతారు. ఇక్కడ తీగలు, పూలు, మామిడి పిందెలు, నెమళ్ళు, పెద్ద చెట్టూ కొమ్మల మీద పక్షులూ ఎక్కువ. గోల్కొండ నవాబుల కాలంలో పర్షియా దేశానికి ఈ గుడ్డలు పడవల్లో వెళ్ళేవి కనుక, వాళ్ళకి నచ్చిన నమూనాలే ఇక్కడ నిలబడిపోయాయి. కలం అంటే పెన్ను, కారీ అంటే పని. అది కూడా పర్షియన్ మాటే. మా పిన్ని మాత్రం ఇప్పటికీ "అద్దకం దుప్పటి" అనే అంటుంది, కలంకారీ అనదు.

గుడ్డకి ముందు స్నానం

మగ్గం మీంచి దిగిన నూలు గుడ్డకి గంజి ఉంటుంది. గంజి ఉంటే రంగు లోపలికి దిగదు. అందుకని గుడ్డని నానబెట్టి, బాది, ఉతికి, ఆరబెడతారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి తీసి ఎండబెడతారు. తెల్ల గుడ్డ లేత పసుపు రంగుకి తిరుగుతుంది. శ్రీకాళహస్తిలో అయితే ఈ నీళ్ళలో గేదె పాలు కూడా కలుపుతారు. పాలలోని వెన్న వల్ల గీసిన గీత చుట్టూ పాకకుండా ఉంటుంది.

కరక్కాయ ఎందుకూ అని అడిగాను. పనాయన చెప్పిన దానికన్నా నాకు మన వంటిల్లే బాగా అర్థం చేయించింది. పచ్చి అరటికాయని ఇనప కత్తిపీటతో తరిగితే చేతులు, కత్తిపీట నల్లగా అవుతాయి కదా? ఇనప మూకుట్లో ఉసిరికాయ పచ్చడి తాలింపు పెడితే నల్లబడుతుంది కదా? వగరుగా ఉండే వాటికీ ఇనుముకీ పడితే నలుపు పుడుతుంది. అరటికాయ మరక చీరకి అంటితే ఎన్ని సబ్బులు వాడినా పోదని మనం తిట్టుకుంటాం. ఆ పోని మరకనే మన పూర్వులు పనికి పెట్టారన్నమాట!

నలుపు ఎలా పుడుతుంది?

ఒక మట్టి కుండలో తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. దాన్ని కసిం అంటారు. మూత తీస్తే వాసన చెప్పొద్దూ, ముక్కు మూసుకున్నాను. దాన్ని వడకట్టి, కొంచెం జిగురు కలిపి చిక్కబరుస్తారు. చిత్రం ఏమిటంటే ఆ నీళ్ళు చూడటానికి నల్లగా ఉండవు. టీ డికాషన్‌లా ఉంటాయి. కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డ మీద అచ్చు పడగానే, మనం చూస్తుండగానే గీత నల్లబడుతుంది.

ఎరుపు ఇంకా చిత్రం. అచ్చుతో అద్దేది ఎరుపు కాదు, పటిక నీళ్ళు! పటికలో జిగురు కలిపి, ఎక్కడ ఎరుపు కావాలో అక్కడ అద్దుతారు. ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడిస్తారు. నిలవ నీళ్ళలో జాడిస్తే వదిలిన పటిక మళ్ళీ మిగతా గుడ్డకి అంటుకుని పాడు చేస్తుందట. అందుకే ఈ పని కాలవల ఒడ్డునే పెరిగింది. తర్వాత పెద్ద రాగి బానల్లో, కట్టెల పొయ్యి మీద, ఎర్ర రంగునిచ్చే వేరుతో కలిపి గుడ్డని ఉడకబెడతారు. పూర్వం చిరివేరు వాడేవారు. మంజిష్ఠ కూడా వాడతారు. పటిక అద్దిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. అద్దని చోట పట్టదు, లేత మరక మాత్రం పడుతుంది. ఆ మరక పోవడానికి గుడ్డని పచ్చిక మీద పరిచి, నీళ్ళు చిలకరిస్తూ ఎండలో ఉంచుతారు. పసుపు, ఆకుపచ్చ వంటివి కావాలంటే ఇవన్నీ అయ్యాక మళ్ళీ మొదలు. పసుపుకి కరక్కాయ పువ్వో, దానిమ్మ తొక్కలో. నీలానికి నీలిమందు. నీలిమందు బానలోంచి తీసినప్పుడు గుడ్డ పచ్చగా ఉండి, గాలి తగిలాక నీలం అవుతుంది. ఆ నీలం మీద పసుపు వేస్తే ఆకుపచ్చ.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇప్పుడు చాలా చోట్ల వేళ్ళ బదులు అలిజరిన్ అనే పొడి వాడతారు. చిరివేరులో ఎరుపునిచ్చే పదార్థం ఏదో, ఇదీ అదే. 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. పటికతో పట్టుకుంటుంది కనుక ఇదీ గట్టిగానే ఉంటుంది. కాబట్టి "మొత్తం కూరగాయల రంగులే" అని ఎవరైనా అంటే ఒకసారి ఎరుపు దేనితో వేశారో అడగండి. నిజమైన పనివారు దాచరు. నాకు దాచలేదు.

నూటెనిమిది దెబ్బలు

అచ్చులు టేకు చెక్కతో చేస్తారు. చెక్క మీద బొమ్మ గీసి, సన్నటి ఉలులతో చెక్కుతారు. బొమ్మ గీతలకి ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. గోనెపట్టాలు, గుడ్డలు దళసరిగా పరిచిన బల్ల మీద చీర పరిచి, అచ్చుని రంగు పళ్ళెంలో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్కటి వేస్తారు. మళ్ళీ అద్దు, మళ్ళీ పెట్టు, మళ్ళీ కొట్టు.

నేను వంటింటి లెక్క ఒకటి వేశాను. అంచు అచ్చు 4 అంగుళాలు ఉందనుకోండి. అయిదున్నర మీటర్ల చీరకి ఒక అంచుకి 54 సార్లు, రెండంచులకి 108. అష్టోత్తరం అన్నమాట! అదీ ఒక్క రంగుకే. మూడు రంగులైతే 324. ఇంకా ఒళ్ళు, కొంగు మిగిలే ఉన్నాయి. ఒక్క అచ్చు జరిగిందా, చీరంతా వంకర.

ఆ ఇంట్లో మగాయన అద్దుతుంటే, భార్య కరక్కాయ నీళ్ళలో గుడ్డలు ముంచుతోంది. మోచేతుల దాకా పసుపు, గోళ్ళు నల్లగా. నా వయసే ఉంటుంది. మాటల్లో పెట్టి, వానాకాలం ఎలా అని అడిగాను. "ఎండ లేకపోతే మాకు పని లేదమ్మా. ముసురు పడితే వారమంతా చేతులు ముడుచుకు కూర్చోవటమే. ఎండ కాసినా, తెర మీద లాగే గుడ్డ ఒక పూటలో వందలు వస్తాయి. అదే మాదని చెప్పి అమ్ముతారు. కొన్నవాళ్ళు రంగు పోయిందని తిట్టేది మళ్ళీ మమ్మల్నే" అంది.

నాకు గుండెల్లో కలుక్కుమంది. షాపులో నేను తిట్టింది కూడా వాళ్ళనే. "ఈ పెడన వాళ్ళంతా మోసం" అన్నాను, గట్టిగా, నలుగురూ వినేలా. ఆ సంగతి ఆవిడతో చెప్పలేకపోయాను. ఇచ్చిన కాఫీ తాగి తల వంచుకున్నాను.

దొరలకి కూడా భయం పుట్టించిన గుడ్డ

ఈ గుడ్డ చిన్నది కాదండీ. ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరులో వ్యాపారం మొదలుపెట్టారంటే అందులో ముఖ్యమైన సరుకు మన అద్దకాలూ, నూలు గుడ్డలూనూ. ఉతికినా రంగు పోని పూల గుడ్డ అప్పటికి యూరప్ వాళ్ళకి చేతకాదు. అక్కడి ఆడవాళ్ళు దీని కోసం ఎంత ఎగబడ్డారంటే, వాళ్ళ ఉన్ని, పట్టు నేతగాళ్ళు గొడవలు చేశారు. ఫ్రాన్సు 1686లో నిషేధించి 1759 దాకా ఎత్తివేయలేదు. ఇంగ్లండులో 1700లో దిగుమతి ఆపారు. 1721 చట్టంతో కట్టుకోవటం, ఇంట్లో పరదాలుగా వాడటం కూడా నేరమే అన్నారు. చీర కట్టుకుంటే జుల్మానా వేసే రోజులు ఊహించుకోండి!

తర్వాత వాళ్ళు మిల్లులు పెట్టి, మన నమూనాలే వాళ్ళ గుడ్డల మీద వేసి మనకే అమ్మారు. 1864లో వచ్చిన ఉప్పెన బందరుని ఊడ్చేసింది. వేల మంది పోయారు. అన్ని దెబ్బలు తిని కూడా ఈ పని బతికింది. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చట్టోపాధ్యాయ గారి వంటివారు పూనుకోబట్టి మళ్ళీ ఊపిరి పోసుకుంది. ఇప్పుడు శ్రీకాళహస్తి కలంకారీకీ, మచిలీపట్నం కలంకారీకీ విడివిడిగా భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా తెర ముద్ర గుడ్డలు ఆ పేరు వాడుకుంటూనే ఉన్నాయి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

* గుడ్డ వెనక్కి తిప్పండి. అచ్చు వేసి ఉడికించిన గుడ్డకి వెనక వైపు కూడా బొమ్మ బాగా దిగి ఉంటుంది. తెర ముద్రకి చాలాసార్లు వెనక వెలవెలబోతూ ఉంటుంది.
* అచ్చుకీ అచ్చుకీ అతుకు పడిన చోట వెతకండి. చేతి పనిలో ఎక్కడో ఒక చోట వెంట్రుకంత తేడా ఉంటుంది. చీరంతా గీత గీసినట్టు ఒకేలా ఉంటే అనుమానించండి.
* తడి తెల్ల గుడ్డతో ఒక మూల రుద్దండి. కొద్దిగా పసుపు అంటితే భయం లేదు, అది కరక్కాయ. ఎరుపో నలుపో దండిగా అంటితే వద్దు.
* మెరిసే గులాబీ, చిలకపచ్చ రంగులు కరక్కాయ, మంజిష్ఠలతో రావు. బాగుంటే కొనుక్కోండి, కానీ కూరగాయల రంగు ధర ఇవ్వకండి.

ఉతికేటప్పుడు

మొదటి రెండు ఉతుకులూ విడిగా, చల్లటి నీళ్ళలో. ఎక్కువసేపు నానబెట్టొద్దు. మెత్తటి సబ్బు కొంచెం చాలు. సోడా, బ్లీచింగ్ పొడి దగ్గరికి రానివ్వొద్దు. తిరగేసి నీడన ఆరెయ్యండి. ఉప్పు నీళ్ళలో ముంచితే రంగు నిలబడుతుందని మనకో నమ్మకం. అద్దినప్పుడు పట్టుకోని రంగుని ఉప్పు పట్టి ఆపలేదు, నేను ఆ పదకొండో చీరని మూడుసార్లు ముంచి చూశాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. కూర మరక పడిందని నిమ్మచెక్క పెట్టి రుద్దకండి. పులుపు తగిలితే కసిం నలుపు వెలిసిపోతుంది. మా చిన్నాడు సాంబారు ఒలకబోస్తే నేను నిమ్మకాయ రాసి, ఒక దిండు గలీబు మీద నెమలికి తోక లేకుండా చేశాను.

ఇంట్లో చేసి చూడండి

పిల్లలకి సెలవుల్లో మంచి కాలక్షేపం, పెద్దలు పక్కన ఉండాలి సుమా. పాడైపోయిన డబ్బాలో అరకిలో తుప్పు మేకులు, 50 గ్రాముల బెల్లం, లీటరు నీళ్ళు పోసి, గుడ్డ వాసెన కట్టి పెరట్లో మూడు వారాలు ఉంచండి. గట్టిగా మూత బిగించకండి, పొంగుతుంది. పాత నూలు పంచె ముక్కని సబ్బుతో ఉడకబెట్టి, బాగా జాడించి ఆరేయండి. లీటరు నీళ్ళలో రెండు పెద్ద చెంచాల కరక్కాయ పొడి కలిపి, అరగంట ముక్కని నానబెట్టి, పిండి, జాడించకుండా ఎండబెట్టండి. కసిం నీళ్ళు వడకట్టి, చిక్కటి గంజి కొంచెం కలపండి. ఇప్పుడు ముదురు బెండకాయని అడ్డంగా కోసి, అందులో అద్ది గుడ్డ మీద వేయండి. అయిదు రేకుల నల్ల పువ్వు వస్తుంది! ఒక రోజు ఆరనిచ్చి ఎక్కువ నీళ్ళతో జాడించండి. ఈ పనికి వాడిన గిన్నెలు మళ్ళీ వంటకి వాడకండి. గచ్చు మీద పడితే మరక పోదు, పాత కాయితాలు పరుచుకోండి.

చివరికి ఏమైందంటే...

ఆ రోజు పెడనలో ఒక దుప్పటి కొన్నాను. చెప్పిన ధర ఇచ్చాను. పైసా బేరమాడలేదు. మా పిన్ని నా నుదురు తాకి చూసింది, జ్వరం వచ్చిందేమోనని! బందరు లడ్డూలతో కలిపి దాన్ని వియ్యపురాలి గారికి తీసుకెళ్ళాను. "వదినగారూ, అప్పుడు చవకకి ఆశపడి మీకు తలవంపు తెచ్చాను, క్షమించండి" అన్నాను. ఆవిడ దుప్పటి తిప్పి వెనక వైపు చూశారు, నెమ్మదిగా నవ్వారు. "ఆ చీర నేను పారేయలేదు వదినగారూ. మీ ఊరిది కదా అని ఇష్టంగా కట్టుకున్నాను. రంగు పోయిందని చెప్తే మీరు బాధపడతారని ఊరుకున్నాను" అన్నారు.

నేను మిగిల్చిన రెండువేల నాలుగొందలు ఎటు పోయాయో ఇప్పుడు లెక్క అడిగితే చెప్పలేను. ఆ దుప్పటి మాత్రం ఇప్పటికి పదిసార్లు ఉతికారట. ఎరుపు అలాగే ఉందని మొన్న ఫోన్ చేసి మరీ చెప్పారు.

మీ ఇళ్ళల్లో అమ్మమ్మల నాటి అద్దకం దుప్పట్లు ఉంటే, వాటిని ఎలా కాపాడుకుంటున్నారో నాకు రాయండి. వచ్చే వారం ఎండ పోకముందే పెట్టుకోవాల్సిన వడియాలతో కలుద్దాం.